నలుగురు మోసిన బీరువా

నేను ఒక ఇనప బీరువాని. పుట్టి ఇన్నేళ్లయినా నా అంతట నేను ఒక్క అడుగు వేసి ఎరగను. ఎక్కడికి వెళ్లినా నలుగురు మోశారు. మనుషులకి ఈ వైభవం చివరి ప్రయాణంలోనే దక్కుతుంది. నాకు ఊరు మారినప్పుడల్లా దక్కింది.

రాజమండ్రిలో ఒక షెడ్డులో రేకులు వంచి, వెల్డింగు చేసి, ఆకుపచ్చ రంగు కొట్టి నన్ను నిలబెట్టారు. తలుపుకి నిలువుటద్దం బిగించారు. దాచుకున్నది చూసుకోవడానికి వచ్చినవాళ్లు ముందు తమని తాము చూసుకుని, కాస్త సంతోషించి, ఆ తరవాత తాళం తీస్తారు. నన్ను మొదట కొన్న గుమాస్తాగారు నాలో పంచదార దాచేవారు. చీమల భయం అని అందరితో చెప్పేవారు. ఆ చీమలు వాళ్లావిడ పుట్టింటివైపు బంధువులని నాకొక్కదానికే తెలుసు. ఆయన పోయాక పిల్లలు నన్ను అమ్మేశారు.

కొన్నది గోదావరి లంకలో కొబ్బరికాయల వ్యాపారం చేసే రాజరత్నం. పడవలో ఏరు దాటించి, నలుగురు మనుషులు కాళ్లు ఇసకలో కూరుకుపోతుంటే ఒగురుస్తూ నన్ను ఇంటికి చేర్చారు. అరుగు మీద కూర్చుని అతని తల్లి సంతోషమ్మ ఈ ఊరేగింపంతా చూసింది. ఆవిడకి చదువు రాదు కానీ ఆదివారం చర్చి గుడిలో విన్న బైబిలు వాక్యం ఒక్కటీ మరిచిపోయేది కాదు. పూర్వం ఒక ప్రవక్త బొమ్మదేవుళ్లని చూసి నవ్వాడట. జనం వాటిని భుజాలకెత్తుకుంటారు, పశువుల మీదికెక్కిస్తారు, పశువులు అలిసి కూలబడతాయి, దేవుడు మాత్రం దిగి సాయం పట్టడు. అసలు దేవుడైతే మనల్నే కడుపులో ఉన్నప్పటి నుంచి తల నెరిసేదాకా మోస్తాడు. ఇదీ ఆ వాక్యం సారం.

“ఒరే రత్నం, ఆ ప్రవక్త చెప్పింది దీని గురించేనేట్రా? నలుగురు మొయ్యందే కదల్లేదు,” అంది సంతోషమ్మ.

రాజరత్నం నవ్వేశాడు. ఆ ఆదివారమే పాస్టరుగారిని పిలిచి నాకు ప్రతిష్ఠ ప్రార్థన చేయించాడు. ఆ ఇళ్లల్లో సైకిలు కొన్నా, పంపుసెట్టు కొన్నా ప్రార్థన ఉండాల్సిందే. పాస్టరుగారు పొట్టి మనిషి. నా తల మీద చెయ్యి పెట్టబోయి, అందక, పిడి పట్టుకుని ప్రార్థించారు. తరవాత రాజరత్నం ‘దేవుడే మా ఆధారం’ అన్న స్టిక్కరు తెచ్చి తాళంకన్నుకి సరిగ్గా పైన అంటించాడు. గోడకున్న వాక్యాల క్యాలెండరు చినిగిపోవడంతో సాయంత్రం కుటుంబ ప్రార్థన ఆ స్టిక్కరుకి ఎదురుగానే మొదలైంది. ఇంటిల్లిపాదీ నా ముందు మోకరించేవాళ్లు. ప్రార్థన మధ్యలో రాజరత్నం ఒక కన్ను తెరిచి తాళం వేసి ఉందో లేదో చూసుకునేవాడు. సంతోషమ్మ ఒక్కతే కిటికీవైపు తిరిగి కూర్చునేది. నడుం నొప్పి, అటైతే వీలు అనేది.

నాలో పట్టుచీరలు, వెండి గ్లాసులు, నగలు, పొలం కాగితాలు చేరాయి. సంతోషమ్మది ఒక్కటే, మడత విప్పని తెల్ల చీర. తనని సమాధి చేసే రోజున కట్టాలని ఆవిడే కొనుక్కుని కోడలు విమల చేతికిచ్చింది. దాన్ని విమల నా అడుగు అరలో కలరా ఉండల మధ్య పెట్టింది.

ఆ ఏడు శ్రావణంలో గోదారి పొంగింది. మధ్యాహ్నానికి నీళ్లు అరుగు దాటాయి. రేవులో జనాన్ని దాటించే సత్తిరాజు పడవ వేసుకొచ్చాడు.

“బీరువా ఎక్కిత్తే మడుసులు పట్టరండి,” అన్నాడతను. “అమ్మగార్ని ఎక్కించండి ముందు.”

రాజరత్నం నీళ్లకేసి చూశాడు, తల్లికేసి చూశాడు, నాకేసి చూశాడు. ఇంకా మోకాల్లోతే కదా, గంటలో పడవ తిరిగొస్తుంది కదా అన్నాడు. విమల ఏదో అనబోయింది. సంతోషమ్మే ఆపింది.

“పోనీవే. నన్ను మోసేవాడు నాకున్నాడు. దానికి వీడు తప్ప ఎవరున్నారు, పాపం.”

అత్తకి తోడుగా విమల ఇంట్లోనే ఉండిపోయింది. నన్ను పడవలో వెల్లకిలా పడుకోబెట్టి, రాజరత్నం కూడా ఎక్కి, ఏటిగట్టుకి తీసుకెళ్లారు. గట్టు మీద వాలులో నిలబెట్టే చోటు లేక అలాగే దింపేశారు. ఈలోగా వరద జోరెక్కింది, సత్తిరాజు పడవ వెనక్కి వెళ్లలేకపోయింది. రాజరత్నం అటూ ఇటూ పరుగెత్తాడు, ఎవరెవరినో బతిమాలాడు, మళ్లీ మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. వాన కురుస్తోంది. తడిసిన బట్టలు మార్చుకుందామంటే పొడిబట్టలన్నీ నాలో ఉన్నాయి. తాళంచెవి విమల బొడ్లో ఉంది. తెరవలేని బీరువాకి కాపలా కాస్తూ దాని మీదే కూర్చున్నాడు.

చీకటి పడే వేళకి ఎవరో కబురు తెచ్చారు. పక్కింటివాళ్లు పీకల్లోతు నీళ్లలో సంతోషమ్మని మంచంతో సహా ఎత్తుకుని తమ పడవలో చేర్చారట, అత్తాకోడళ్లు గట్టు చివర గుడిలో ఉన్నారట. రాజరత్నం లేచాడు. నాలుగడుగులు వేశాడు. చుట్టూ ఊరు కాని ఊరి జనం. వెనక్కి తిరిగాడు. తెల్లారాక వెళ్లొచ్చులే, క్షేమమేగా అన్నాడు. నాతోనే అన్నాడు. పొమ్మని చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్న తలుపుకి తాళం వేసి ఉంది.

తెల్లారి వెళ్లేసరికి ఆవిడకి జ్వరం. కొడుకుని చూసి, “బీరువా క్షేమమేనా?” అని అడిగిందట. ఎత్తిపొడుపో, నిజంగా అడిగిందో అతనికి ఈనాటికీ తెలియదు. వరద తీయకముందే ఆవిడ వెళ్లిపోయింది.

తెల్ల చీర కోసం విమల గట్టు మీదికి వచ్చి నన్ను తెరిచింది. కాళ్లు పల్లానికి పెట్టి వెల్లకిలా పడుకున్నదాన్ని కదా, వాననీళ్లు తలుపు సందుల్లోంచి దిగి అడుగు అరలో నిలిచాయి. పైఅరలో పట్టుచీరలకి చెమ్మ కూడా తగల్లేదు. తెల్ల చీర మీద మాత్రం అరచేతంత తుప్పు మరక. విమల నిమ్మకాయతో రుద్దింది, ఉప్పుతో రుద్దింది. పోలేదు. ఆవిడ అడిగి దాచుకున్న ఒక్కదాన్నీ నేను దాచలేకపోయాను. ఆ మరకతోనే ఆవిడని పెట్టెలో పెట్టారు. రాజరత్నం ముందు భుజం పట్టాడు. నన్ను పడవలోకి మోసిన తాడు వాత ఆ భుజం మీద ఇంకా ఎర్రగానే ఉంది.

తరవాత అతను నాకెప్పుడూ తాళం వెయ్యలేదు. ప్రార్థన కిటికీవైపు మార్చాడు. నన్ను పశువుల పాకలో పెట్టి, నాలో తవుడు పోశాడు. గేదెకి నా మీద ఏ గౌరవమూ లేదు, కొమ్ములు గీరుకునేది.

ఇప్పుడు పాత ఇనప కొట్టులో ఉన్నాను. అద్దం పగిలింది, రంగు పోయింది, అడుగు అర తుప్పుకి చిల్లులు పడింది. స్టిక్కరు మాత్రం ఊడలేదు. రేపు లారీకి ఎక్కిస్తారట. ఇందాకే ఒకడు నన్ను కదిపి చూసి, నలుగురుంటే గానీ లేవదన్నాడు.

అంతే మరి. మోయించుకోవడం తప్ప నాకేదీ చేతకాదు. ఆ సంగతి సంతోషమ్మ నేను గుమ్మంలోకి వచ్చిన రోజే చెప్పింది.