బావగారు కూర్చుంటే పడిపోయే బ్రేకర్

బావమరిది ఏం తెచ్చినా వంక పెట్టడం ఆ ఇంటి బావగారు తన జన్మహక్కు అనుకునేవారు. ఈసారి ఎలక్ట్రీషియన్ బావమరిది తెచ్చింది ఓ కొత్తరకం బ్రేకర్.

"కరెంటు భూమిలోకి లీకైనా, వైరులో నిప్పురవ్వలు లేచినా కట్ చేసేస్తుంది బావా. రెండు కాపలాలూ ఇందులోనే" అని చెప్పి హాల్ లైనుకు బిగించి వెళ్లాడు.

మర్నాడు బావగారు వాలుకుర్చీలో కూలబడ్డారు. ఠక్! టీవీ ఆరిపోయింది. బ్రేకర్ పైకెత్తి వచ్చి కూర్చుంటే మళ్లీ ఠక్! భార్య కూర్చుంటే ఏమీ కాలేదు. పాప ఎక్కి గంతులేసినా ఏమీ కాలేదు. ఇంటి యజమాని కూర్చుంటేనే దానికి ఎక్కడలేని పట్టుదలా వస్తోంది.

బావమరిది వచ్చి బోర్డు విప్పి బిగింపులన్నీ చూశాడు. కుర్చీ వైపు తలైనా తిప్పలేదు.

"దానికి మీరంటే గిట్టట్లేదేమో బావా" అని నవ్వాడు.

బావగారి మొహం మాడిపోయింది. "నా ఇంట్లో నన్నే కూర్చోనివ్వని సరుకు నాకెందుకు? పీకెయ్! పాతదే పెట్టు."

"ఏమండీ, ఎందుకు పడిపోతోందో చూడనివ్వండి" అంది భార్య.

"చూసింది చాలు!"

బావమరిదికీ రోషం పొడుచుకొచ్చింది. పాత బ్రేకర్ బిగించి చక్కా పోయాడు. ఇద్దరి పౌరుషాలూ భేషుగ్గా నిలబడ్డాయి.

పాత బ్రేకర్‌కు మర్యాద బాగా తెలుసు. ఆయన ఎంత బరువుగా కూలబడినా కిక్కురుమనలేదు. "చూశావా మీ పుట్టింటి వస్తువు గొప్ప!" అని భార్యను దెప్పుతూ, పాపను ఒళ్లో పెట్టుకుని హాయిగా టీవీ చూశారు.

ఓ సాయంత్రం ఒళ్లోంచి పాప, "నాన్నా, కాళ్లకి వేడిగా తగులుతోంది" అంది.

"కాసేపు టీవీ చూడనివ్వవే."

అంతలోనే కుర్చీ గుడ్డ భగ్గుమంది. పాపను ఎత్తుకుని ఆయన లేచేలోగా పిల్ల పాదం కాలింది. భార్య మెయిన్ ఆపేసి, మందపాటి దుప్పటి కప్పి మంట ఆర్పింది.

కుర్చీ జరిపితే కింద టీవీ వైరు కనిపించింది. కుర్చీ కాలి కింద నలిగి, తొడుగు చిట్లిపోయింది. ఆయన బరువు పడ్డప్పుడల్లా అది లోలోపల రవ్వలు చిమ్మింది. కొత్త బ్రేకర్ మొదటి రోజు నుంచీ మొత్తుకున్నది దాని గురించే.

బావమరిది పరుగున వచ్చాడు. పాప కాలి కట్టు చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఆరోజే కుర్చీ జరిపి చూడాల్సింది బావా."

"నిన్ను చూడనిచ్చానా?" అన్నారాయన.

కొత్త వైరు గోడ వెంట వేశారు. కొత్త బ్రేకర్ మళ్లీ బిగించారు. బావగారు వేరే కుర్చీ తెచ్చుకుని కూర్చుని, పాపను రమ్మని ఒడి తట్టారు.

పాప దూరంగానే నిలబడింది.

"వద్దు నాన్నా, నేను కింద కూర్చుంటా."