ఇంటి నంబర్లన్నీ సున్నాలు

బ్లడ్ బ్యాంకులో నర్సుగా చేసే ఆవిడ తన అన్న భార్యను అక్కడి ఆఫీసులోనే ఉద్యోగంలో పెట్టించింది. అప్పట్నుంచీ వదిన ఏం చేసినా ‘సిఫార్సు సరుకు’ అని వెనక గొణుగుడే. వదిన విననట్టే ఉండేది. ఒళ్ళు మండేది నర్సుకే.

ఒకసారి అరుదైన గ్రూపు రక్తం నిండుకుంది. దాతల్లో ఫోన్ నంబర్లు మారినవాళ్ళే ఎక్కువ కనుక ఉత్తరాలు పంపమన్నాడు మేనేజరు. వర్డ్‌లో రాసిన ఒక్క ఉత్తరంలోకి డేటాబేసులోని పేర్లూ చిరునామాలూ వాటంతటవే వచ్చి కూర్చోవాలి. కూర్చున్నాయి. కాని చాలా ఉత్తరాల్లో ఇంటి నంబరు ఉండాల్సిన చోట సున్నా.

మేనేజరు తల పట్టుకుని, ఇక చేత్తో రాయమన్నాడు. వదిన ఒక్క పూట గడువడిగింది.

నర్సు వచ్చి పక్కన కూర్చుంది. డేటాబేసు తెరిచి చూస్తే నంబర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంటే తేడా దారిలో వస్తోంది. వదిన బాగున్న ఉత్తరాలొక పక్క, చెడినవొక పక్క పెట్టి, బియ్యంలో రాళ్ళేరినట్టు వెతికింది. చెడిన ప్రతిదాంట్లోనూ అసలు నంబరులో ఏదో ఒక అక్షరమో గీతో ఉంది.

“పట్టికలో పైనున్నవాళ్ళంతా అపార్ట్‌మెంట్లవాళ్ళు. వాళ్ళవి ఉత్త అంకెలు. అవి చూసి, వర్డ్ కిందా అంకెలే ఉంటాయనుకుంటోంది. అక్షరం తగిలితే సున్నా చుట్టేస్తోంది,” అంది వదిన.

“మరి దానికెలా చెప్తావు వదినా?”

“లెక్క కాదమ్మా, ఉన్నదున్నట్టు రాసుకో అని డేటాబేసులోనే చెప్పి పంపాలి.”

ఇంటి నంబర్లను లెక్కగా కాక అక్షరాల వరసగా ఇచ్చే కొత్త పట్టికలాంటిది, క్వెరీ అంటారు, డేటాబేసులో ఒకటి తయారుచేసింది. ఉత్తరం తెరిస్తే మళ్ళీ సున్నాలే. పక్క సీటు గుమాస్తా ముసిముసిగా నవ్వాడు. వదిన మాత్రం తొణకలేదు. ఉత్తరం ఇంకా పాత పట్టికనే పట్టుకు వేలాడుతోందని కనిపెట్టి, దాన్ని విడదీసి క్వెరీకి కలిపింది. ఈసారి అక్షరాలతో, గీతలతో నంబర్లు బుద్ధిగా వచ్చి నిలబడ్డాయి. అయినా ప్రతి ఉత్తరమూ సరిచూశాకే ప్రింటు తీసింది.

దాతలు రావడం మొదలయ్యాక మేనేజరు నర్సును పిలిచి, మంచి మనిషిని తెచ్చారన్నాడు.

“నేను దారి చూపించానంతే సార్. బుర్ర మా వదినది,” అంది నర్సు, గుమాస్తాకు వినపడేట్టు.

సాయంత్రం వదిన ఇల్లు చేరేలోపే నర్సు అన్నకు ఫోను చేసి, కథంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది.