అమ్మకు ఆరున్నర

అమ్మ పరీక్ష ఫలితాలు ఫోన్లో వచ్చాయని తెలిసి, నాన్న సైకిల్ షాపు నుంచి గ్రీజు చేతులతోనే ఇంటికొచ్చాడు. అమ్మ పసిపిల్లల బడిలో ఆయా. ఆ పని చేసుకుంటూనే టీచరు డిప్లొమా చదివింది. సగటు ఆరున్నర పాయింట్లు వస్తే అదే బడిలో ఖాళీగా ఉన్న టీచరు ఉద్యోగం అడగొచ్చు.

నాన్న వేళ్లు మడిచి కూడాడు. పాటలకు తొమ్మిది, బొమ్మల తయారీకి తొమ్మిది, భాషకు ఆరు, ఆరోగ్యానికి ఆరు, పిల్లల మనస్తత్వానికి ఐదు. మొత్తం ముప్ఫై అయిదు. ఐదుతో భాగిస్తే ఏడు.

“ఇక టీచరమ్మగారు లోపలికొస్తే నేనూ లేచి నిలబడాలి కాబోలు” అన్నాడు.

అమ్మ సిగ్గుపడి ముఖం అటు తిప్పుకుంది. రేపే పెద్ద టీచరుకు చెబుతానంటూ, ఉన్నవాటిలో మంచి బట్టలు తీసి ఇస్త్రీకి కూర్చుంది.

అప్పుడు ఫోను నా చేతికొచ్చింది. పాయింట్ల పక్కన క్రెడిట్లని ఇంకో వరుస ఉంది. నాన్న దాన్ని చూడనే లేదు. పాటలకూ బొమ్మలకూ ఒక్కొక్క క్రెడిట్, భాషకు రెండు, మిగతా రెండింటికీ నాలుగేసి. పాయింట్లను క్రెడిట్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించాలి. డెబ్బై నాలుగును పన్నెండుతో భాగించాను. ఆరు దాటి కాస్త, అంతే. మళ్లీ చేసినా అంతే.

నాకు మాట గొంతు దాటి రాదు. క్లాసులో హాజరు పిలిస్తే నా బదులు పక్కమ్మాయే పలుకుతుంది. అమ్మ కూనిరాగం తీస్తూ ఇస్త్రీ చేస్తోంది. చెప్పలేకపోయాను.

పొద్దున అమ్మ వెంట వాళ్ల బడి గేటు దాకా నడిచాను. గేటు తీయబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

“అమ్మా, నాన్న లెక్క తప్పు. ఏడు రాలేదు. ఆరే.”

ఫోను తీసి అంతా చూపించాను. అమ్మ ఒక్కో వరుస మీదా వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది.

“నన్ను ముంచింది పిల్లల మనస్తత్వమా?” అంది చివరికి. నవ్వబోయి ఆగిపోయింది.

లోపల ఎవరో చంటివాడు గుక్కపట్టాడు. అమ్మ వెళ్లి చంకనేసుకుంది. ఏడుపు ఆగింది. ఆ పరీక్షలో ఏం రాశావని అడిగాను. పిల్లలు ఏడిస్తే ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్నట.

“ముందు ఎత్తుకోవాలి, తర్వాత అడగాలి అని రాశా.”

“అంతేనా?”

“అంతకన్నా ఏముంటుందే?”

దాంట్లో ఒక్క పాయింటు పెరిగితే నాలుగు రెట్లవుతుందని, సరిగ్గా ఆరున్నర వస్తుందని చెప్పాను. ఆ ఒక్క పరీక్ష మళ్లీ ఇంప్రూవ్‌మెంట్ రాస్తానని అమ్మ పెద్ద టీచరుకు చెప్పింది. అప్పటిదాకా టీచరు ఉద్యోగం ఖాళీగా ఉంటుందని మాట ఇవ్వలేనందట ఆవిడ. అయినా రాస్తానంది అమ్మ.

సాయంత్రం నాన్న, తన లెక్కకు కూడా ఇంప్రూవ్‌మెంట్ ఉందా అని అడిగాడు. నేను అమ్మ ముందు తెల్లకాగితం పెట్టి, టీచరులా గొంతు పెంచాను.

“ఎందుకు ఎత్తుకోవాలి?”

అమ్మ ఆలోచించింది. “ఏడుస్తున్నంతసేపూ వాడికి మన మాట వినపడదు. ఒళ్లు తగిలితే భయం తగ్గుతుంది. అప్పుడు వింటాడు.”

“అది రాయి” అన్నాను. “ఇంకా?”

కాగితం నిండేదాకా అడుగుతూనే ఉన్నాను.