కొసన ఉరికే తాళం

ఆదివారం సాయంత్రం ఆరు గంటలప్పుడు వెంకటమ్మనహళ్లి బడి ముందర చెక్కభజన సాధన మూడో చరణంలో ఆగిపోయింది. ఆడుతున్న భాగీరథమ్మ కాలు మడతపడి కింద కూలబడింది. చేతిలో కంచు తాళాలు పట్టి తాళం వేస్తున్నది సౌభాగ్య.

దెబ్బ పెద్దది కాదు. భాగీరథమ్మ చీలమండ రుద్దుకుంటూ, "నన్ను యాడికి తరుముతాండావమ్మే? బస్సేమన్నా పోతాండాదా?" అంది. మిగతా ఆడవాళ్లు నవ్వారు. సౌభాగ్య నవ్వలేదు.

గురువు రామాంజినప్ప ఏళ్లుగా మగవాళ్లకు చెక్కభజన నేర్పినవాడు. ఆడవాళ్ల జట్టు ఆయనకు ఇదే మొదటిది. పాట తనే పాడతానన్నాడు. నాగలమడిక గుడి తేరునాడు ఆడే ఆటకు తాళం మాత్రం ఆడవాళ్లలోనే ఒకరు పట్టాలన్నాడు. చేతుల్లో చెక్కలు వాయిస్తూ తిరిగేవాళ్లంతా ఆ తాళాన్ని బట్టే అడుగు వేస్తారు. సౌభాగ్యను ఎంచుకున్నది ఆయనే. అయితే ఆమె తాళం ప్రతి చరణం కొసనా ఉరుకుతోంది.

"తేరు ఇంగ వారమే ఉండాది," అన్నాడు. "బుధవారం గూడా ఇట్లే ఉరికితే తాళం వినుతకిస్తా. ఏమనుకోవాకు."

"సరే గురువయ్యా."

వినుత సౌభాగ్య ఆడబిడ్డ, జట్టులోదే. ఇంటికి వెళ్లే దారిలో, "ఇచ్చినా నేను పట్టను వదినా," అంది.

"నువ్వు పట్టకపోతే ఆయన ఇంగొకరిని జూస్తాడు. పట్టు," అంది సౌభాగ్య.

సోమవారం పొద్దున సౌభాగ్య సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగింది. పొడుగు కర్రకు బిగించిన వైపర్‌ను పైనుంచి కిందికి లాగడం, పక్కకు జరగడం, మళ్లీ లాగడం. వరస కొస దగ్గరపడే కొద్దీ ఆడవాళ్ల చేతులు తొందరపడ్డాయి. ముందు చేరినవాళ్లు నీళ్ల ట్యాంకరు నీడన కూర్చోవచ్చు, అది తర్వాతి వరసకు కదిలేదాకా. సౌభాగ్య ఎప్పటిలాగే ముందు చేరి కూర్చుంది. మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చి పక్కన కూలబడుతుంటే చూసింది. భజన జట్టులో ఎక్కువమంది వీళ్లే, తనతో పాటు కొసన ఉరుకుతున్నదీ వీళ్లే. భాగీరథమ్మ గొర్రెలు కాసుకునే మనిషి, ఇక్కడికి రాదు.

సాయంత్రం ఈ సంగతి గురువుకు చెప్పింది.

"అట్లయితే కొసనుంచే పట్టుకుందాం," అన్నాడు రామాంజినప్ప.

చివరి పాదం ఒక్కటే తీసుకున్నారు, మామూలు నడక కంటే నిదానంగా. అది నిలిచాక దాని ముందరి పాదం కలిపారు. రెండూ నిలిచాకే వేగం ఒక పిసరు పెంచమన్నాడు. ఉరికితే అక్కడే ఆపి, ఉరికిన చోటునుంచి నిదానంగా ఎత్తుకోవాలి.

"ఈ లెక్కన తేరు పోయి ఉగాది వస్తాది గురువయ్యా," అంది జట్టులోని సుధామణి.

"రానీ. ఒబ్బట్లు తిని ఆడుదురు."

బుధవారం మూడో చరణంలో తాళం ఒకసారి ఉరికింది. రామాంజినప్ప నోరు తెరవకముందే సౌభాగ్య ఆపి మళ్లీ మొదలుపెట్టింది. ఆయన తాళం వెనక్కి అడగలేదు. సాధన అయ్యాక, "తేరునాడు ఈ ఆపేదుండదు. ఆటలో తాళం తెగకూడదు," అన్నాడు.

తేరునాడు మొదటి రెండు చరణాలు నిలిచాయి. మూడోదానికి జనం చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. చప్పట్ల వేగం పెరిగింది. ఆ వెంటే ఆడవాళ్ల అడుగులు, సౌభాగ్య చేతులు. భాగీరథమ్మ అర అడుగు వెనకబడింది. మలుపు దగ్గర పక్కమనిషి భుజం పట్టుకుంది.

సౌభాగ్య తాళం ఆపింది. చెక్కలు తలా ఒక దెబ్బ ఎక్కువ మోగి ఆగాయి.

"కరెంటు పోయిందేమప్పా?" అని జనంలో ఎవరో అన్నారు. నవ్వులు వినిపించాయి.

రామాంజినప్ప మైకు ముందు పాట నిలిపి ఆమె వైపు చూశాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. ఉరికిన పాదం నుంచి నిదానంగా తాళం వేసింది. ఆయన పాట అందుకున్నాడు. ఆడవాళ్లు వరస సర్దుకున్నారు. తర్వాత వేగం రెండుసార్లు పెరిగింది, రెండుసార్లూ ఆమె పెంచితేనే. కొసన ఉరకలేదు.

ఆట అయ్యాక రామాంజినప్ప చెయ్యి చాచాడు. సౌభాగ్య తాళాలు ఇచ్చింది.

"ఆట నడుమ ఆపితివి."

"ఉరికింది గురువయ్యా."

"నాకూ ఇనబడింది," అని తాళాలు తువ్వాలలో చుట్టుకుని ఆయన బస్సు వైపు వెళ్లాడు.

ఆ మరుసటి ఆదివారం బడి ముందర కొత్త పాట మొదలైంది. తాళం మళ్లీ సౌభాగ్యకే ఇచ్చాడు గురువు.