కాజాలక్క ధనవంతురాలట

ఆసుపత్రి కౌంటర్లో గుమాస్తా పేదల ఆరోగ్య కార్డును రెండుసార్లు గీకాడు. కాజాలక్క మొహంలోకి ఒకసారి, కంప్యూటర్లోకి ఒకసారి చూశాడు.

"కార్డు రద్దయిందమ్మా. మీరు ధనవంతులని వస్తోంది."

వేళాకోళం కాదు. తెర మీద ఎర్రటి అక్షరాల్లో ఉంది, పరిమితికి మించిన డబ్బు ఉన్నందున రద్దు అని. పక్కన చక్రాల కుర్చీలో ఆమె మొగుడు, మా బావ, ఉబ్బిన కాళ్ళతో కూర్చుని ఉన్నాడు. రెండు కిడ్నీలూ పోయిన మనిషి. సోమవారం, గురువారం డయాలసిస్ యంత్రం మీద పడుకుంటేనే ప్రాణం. కార్డుంటే ఉచితం. లేకపోతే ఒక్కోసారికి నాలుగు వేలు.

"అంత డబ్బు పెట్టుకుని నా చేత సిగరెట్లు మాన్పించావా?" అన్నాడు బావ.

ఆమె నవ్వలేదు. గుమాస్తా ఆ సోమవారానికి కానిచ్చాడు. గురువారం కార్డు లేకుండా రావద్దన్నాడు.

కాజాలక్క మా చొక్కాల షెడ్డులో కాజాలు కుడుతుంది. నేను చేతులు అతుకుతాను. మొత్తం పన్నెండు మంది ఆడవాళ్ళం, ఎవరు ఏది కుడితే వాళ్ళకి అదే పేరు. మాకొక చీటీ ఉంది. తలా రెండు వేలు, నెలకొకరికి వరసగా ఇరవై నాలుగు వేలు. పాట లేదు, కమీషన్ లేదు. పళ్ళు కట్టించుకున్నా, పురుడు పోసుకున్నా, పాత మిషను కొనుక్కున్నా ఆ డబ్బుతోనే. మాకు ఏ బ్యాంకూ అప్పివ్వలేదు. ఇస్తానని చెప్పి తిప్పించుకున్నవి మాత్రం ఉన్నాయి.

ఒకప్పుడు జీతం చేతికిచ్చేవారు. కటింగ్ బల్ల మీద అందరి ముందూ చీటీ లెక్కపెట్టుకునేవాళ్ళం, అయిదు నిమిషాల పని. తర్వాత ప్రభుత్వం వారు జీతం చేతికివ్వడం నేరమన్నారు. అంతా ఖాతాలోనే పడాలన్నారు. దొంగ డబ్బు పట్టుకోవడానికట. మా తొమ్మిది వేల జీతంలో దొంగ డబ్బు ఎక్కడుందో వాళ్ళకే తెలియాలి. సరే, పడనీ అన్నాం. నెల చివరి రోజు సాయంత్రం జీతం పడగానే, మిషను మీద అంచులు కుట్టే ఓవర్‌లాక్ మా అందరి ఫోన్లూ తీసుకుని రెండేసి వేలు కాజాలక్క ఖాతాలోకి నెట్టేది. మిగిలిన సూదిని కూడా పెట్టెలో పెట్టిగాని ఇంటికి వెళ్ళని మనిషి అక్క, అందుకే ఆమె ఖాతా. మర్నాడు పొద్దున వరసలో ఉన్నవాళ్ళకి ఆ డబ్బు వెళ్ళిపోయేది. ఆమె ఖాతాలో అది ఉండేది ఒక్క రాత్రి.

కార్డుల ఆఫీసు చూసేది సరిగ్గా ఆ ఒక్క రాత్రే. నెల చివరి రోజు ఎంతుందో అదే లెక్క. పాతిక వేలు దాటితే ధనవంతులు. ఆమె జీతం తొమ్మిది, మా పదకొండు మందివి ఇరవై రెండు, మొత్తం ముప్పై ఒకటి. మిగతా రోజుల్లో ఆ ఖాతాలో ఈగలు తోలుకోవడమే, కానీ మిగతా రోజులు వాళ్ళకి అక్కర్లేదు.

ఈ సంగతి సోమవారం మధ్యాహ్నం బ్యాంకు మేనేజరు చెబితేగాని మాకు తెలియలేదు. నేనూ ఓవర్‌లాకూ అక్కతో వెళ్ళాం.

"మీ ఖాతాలో ఉంటే మీదేనమ్మా" అన్నాడాయన.

"మీ బ్యాంకులో ఊరందరి డబ్బూ ఉంది కద సార్. అదంతా మీదేనా?" అంది ఓవర్‌లాక్.

"మాకు లైసెన్సుంది."

"మాకు నమ్మకముంది సార్."

"నమ్మకానికి కాలమ్ లేదమ్మా" అని ఆయన తర్వాతి మనిషిని పిలిచాడు.

మంగళవారం కార్డుల ఆఫీసు. మూడు గంటలు నిలబెట్టి, ఆ డబ్బు ఎవరిదో వాళ్ళ చేత సంతకాలు పెట్టించుకు రండి, కార్డు పునరుద్ధరిస్తాం అన్నారు. ఇంతేనా అనుకున్నాం. షెడ్డుకొచ్చి చొక్కాల అట్ట వెనక ఉత్తరం రాసి, పన్నెండు సంతకాలూ పెట్టేశాం. ఆ సాయంత్రమే జీతాలు పడ్డాయి. ఆ హుషారులో ఓవర్‌లాక్ అలవాటుగా అందరి ఫోన్లూ తీసుకుంది, అలవాటుగానే వాటాలన్నీ అక్క ఖాతాలోకి నెట్టేసింది. పన్నెండు మందిలో ఒక్కరికీ వద్దనాలని తట్టలేదు. నాకూ తట్టలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

బుధవారం పొద్దున ఆఫీసరు ఉత్తరం చదివాడు. ఖాతా తెరిచి చూశాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"రాత్రి కూడా వేశారా?"

"వేశాం సార్. వరస కాలర్ వదినది. ఇల్లు ఖాళీ చేయమన్నారు, కొత్త గదికి అడ్వాన్సు కట్టాలి" అన్నాను.

"అమ్మా, రిజిస్ట్రేషన్ లేకుండా పదిమంది దగ్గర డబ్బు పోగుచేయడం కొత్త చట్టం ప్రకారం నేరం. ఈ కాగితం నేను తీసుకుంటే డబ్బు మీది కాదని ఒప్పుకున్నట్టు, కార్డు వస్తుంది. కానీ ఖాతా స్తంభింపజేయాలి, మీ మీద కేసు రాయాలి. తీసుకోకపోతే డబ్బు మీదే. కేసు లేదు, కార్డూ లేదు. ఆరు నెలల తర్వాత మళ్ళీ దరఖాస్తు పెట్టుకోండి."

అంటే తనదంటే ధనవంతురాలు, కాదంటే దొంగ. ఆ రెంటి మధ్యలో మా అక్క నిలబడటానికి గజం నేల కూడా వదల్లేదు వాళ్ళు. పైగా ఆ మనిషి మంచివాడు, అది ఇంకా ఒళ్ళు మండే విషయం. గొంతు తగ్గించి, ఉత్తరం చింపేసుకుని వెళ్ళిపోండమ్మా అని సలహా కూడా ఇచ్చాడు.

"ఆరు నెలలు మా ఆయన ఆగడు సార్. గురువారం రేపే" అంది కాజాలక్క.

ఓవర్‌లాక్ బల్ల కింద అక్క ఫోను తీసింది.

"డబ్బు కదిలించకమ్మా. ఇప్పుడు కదిలితే దాచారని రాయాలి" అన్నాడాయన, చూడకుండానే.

నేను బయటికొచ్చి కాలర్ వదినకి ఫోన్ చేశాను. వెనక మిషన్ల మోత. నీ డబ్బు ఇరుక్కుపోతుంది వదినా అని చెప్పాను.

"ఎన్నాళ్ళు?"

"తెలియదు. కేసు తేలేదాకా."

"ఇచ్చెయ్యమను. గది లేకపోతే మా చెల్లెలింట్లో నేల మీద పడుకుంటాం, చావం కదా. ఆ ఆఫీసర్ని మాత్రం నా తరపున నాలుగు తిట్టు."

లోపలికొచ్చి అక్కకి చెప్పాను. ఆమె ఉత్తరాన్ని బల్ల మీద పెట్టింది కానీ చెయ్యి తీయలేదు.

"ముందు కార్డు సార్. అది నా చేతికొచ్చాక ఇది తీసుకోండి."

"అలా కుదరదమ్మా, ముందు కేసు నమోదు చేస్తేనే..."

"నేను పారిపోను. చుట్టూ గోడ కట్టినా ఇక్కడే కూర్చుంటా. ముందు కార్డు."

ఆయన కంప్యూటర్ వైపు తిరిగి మీటలు నొక్కాడు. చివరికి ప్రింటరు కదిలింది. తర్వాత కేసు ఫారం తీశాడు, నిర్వాహకుల పేరు అడిగాడు. ఓవర్‌లాక్ తన పేరు రాయమంది, ఫోన్లన్నీ నొక్కింది తనేనంది. నాదీ రాయమన్నాను. ఒక్క గడే ఉందన్నాడు. కాజాలక్క తన పేరు చెప్పి వేలిముద్ర వేసింది. సంతకం వచ్చు ఆమెకి. చెయ్యి వణుకుతుంటే కనపడకూడదని వేలిముద్ర వేసిందట, తర్వాత చెప్పింది.

గురువారం బావ యంత్రం మీద పడుకున్నాడు.

కాలర్ వదిన గది పోయింది. ఖాతాలో అక్క జీతం కూడా ఇరుక్కుంది. నెల తిరిగాక కొత్త జీతం ఎక్కడ వేయాలన్న ప్రశ్న వచ్చింది. కేసులో ఉన్నవాళ్ళకి ఇంకో ఖాతా ఇవ్వం అని బ్యాంకు అంది. చేతికివ్వడం చట్టవిరుద్ధం అని మా యజమాని అంది. చట్టం మీద ఆవిడకి అంత భక్తి మేం ముందెప్పుడూ చూడలేదు, మా ఓవర్‌టైం రెండేళ్ళుగా ఎగ్గొడుతోంది.

కాలర్ వదిన మెయిన్ స్విచ్ దించేసింది.

బయట సరుకు ఎత్తుకోవడానికి వచ్చిన లారీ ఉంది. నాలుగు వేల చొక్కాలు, సగానికి గుండీలు లేవు. యజమాని అరిచింది, బతిమాలింది, మళ్ళీ అరిచింది. మేం కటింగ్ బల్ల చుట్టూ కూర్చున్నాం.

"నేను జైలుకెళ్ళాలా మీకోసం?" అంది యజమాని.

"మా అక్క వెళ్తోంది కదండీ. తోడుంటుంది" అంది ఓవర్‌లాక్.

పన్నెండున్నరకి ఆవిడ బీరువా తెరిచి తొమ్మిది వేలు తెచ్చి బల్ల మీద పడేసింది. కాజాలక్క అందరి ముందూ నోటు నోటుగా లెక్కపెట్టి, ఒకటి చిరిగిందని వెనక్కిచ్చి మార్పించుకుంది. అప్పుడు వదిన లేచి స్విచ్ ఎత్తింది.