వేరే కప్పు కింద

బల్ల కింద తల, బయట కాళ్లు, నోట్లో స్క్రూడ్రైవరు. ఊళ్లో చాలామందికి కంప్యూటర్ మెకానిక్ ముఖం కంటే అరికాళ్లే బాగా గుర్తు. ఈ పూట వాటిని బ్యాంకు గుమస్తా చూస్తున్నాడు.

"బ్యాకప్ తీసి పెట్టుకున్నానండీ. మరీ అంత తెలివితక్కువవాణ్ణి కాదు."

"ఎక్కడ పెట్టారు?"

"ఇందులోనే. డి డ్రైవులో."

బల్ల కింద స్క్రూడ్రైవరు నోట్లోంచి చేతిలోకి వచ్చింది.

"సి, డి అని పేర్లు రెండు గానీ డిస్కు ఒకటేనండీ. తాళంచెవి పోతుందేమోనని రెండో తాళంచెవిని కూడా బీరువాలోనే పెట్టి మూసినట్టుంది."

"కిందటేడు నిజంగానే అలా మూశారు," అంది వంటింట్లోంచి గుమస్తా భార్య.

మెకానిక్ బయటికొచ్చి, మోకాళ్లు దులుపుకుని, అలవాటైన పాఠం అప్పజెప్పాడు. పూర్తి నకలంటే కావలసిన ఫైళ్లు ఏరుకోవడం కాదు. డిస్కంతా, చెత్తబుట్టలో పారేసినవాటితో సహా, ఉన్నది ఉన్నట్టు దించుకోవడం. అది విడి డిస్కులో ఉండాలి. దాన్ని ఎప్పుడూ తగిలించి ఉంచకూడదు, పిడుగు పడితే రెండూ కలిసి పోతాయి. పక్క సొరుగులో పెట్టినా లాభం లేదు, నిప్పుకీ నీళ్లకీ గదంతా ఒకటే. కనీసం ఒక నకలు వేరే కప్పు కింద ఉండాలి.

"వేరే కప్పంటే మా అత్తగారిల్లే," గుమస్తా గొంతు తగ్గించాడు. "సొరుగే నయమేమో కదండీ?"

"వినపడుతోంది," అంది వంటిల్లు.

ఇంత చక్కగా చెప్పిన మనిషి భుజాన వేలాడే సంచిలో, అన్నం డబ్బాకీ పట్టకారుకీ మధ్య, నీలం చేతిరుమాల్లో చుట్టిన డిస్కు ఒకటుంది. వారం రోజులుగా అది అతనితోపాటు బస్సెక్కుతోంది, దిగుతోంది, మెట్లకి కొట్టుకుంటోంది. ఇంకెవరైనా అలా మోసుకు తిరుగుతుంటే అక్కడికక్కడే కడిగిపారేసేవాడు.

అందులో ఉన్నది అతని భార్య కంప్యూటరు.

ఆవిడ గ్రంథాలయంలో పనిచేసేది. సాయంత్రం ఇల్లు చేరేసరికి పాలు కాచి ఉంచడం అతని వంతు. అతను పాలు పొయ్యి మీద పెట్టి, ఎవరిదో చచ్చిన మదర్‌బోర్డు ముందేసుకుని లోకాన్ని మరిచిపోయేవాడు. గిన్నెలు మాడీ మాడీ, కొత్త గిన్నె కొనబోతే అంగడివాడు "హోటల్ పెట్టారా అమ్మా?" అని అడిగాడట. ఇక లాభం లేదని ఆవిడ తన గొంతు రికార్డు చేసి, తన కంప్యూటరుకి కాపలా అప్పగించింది. రోజూ సాయంత్రం ఫ్యాను గుర్రుమనేది, తెర వెలిగేది, ఆవిడ గొంతు సవరించుకునేది.

"ఏమండీ, పాలు పొయ్యి మీదున్నాయి. లేవండి."

కాస్త ఆగి, అతని సంగతి తెలిసిన గొంతుతో, "లేచారా?"

ఆవిడ పోయి ఏడాదిన్నర. కాపలా మాత్రం మానలేదు. ఆవిడ మాట అబద్ధం కాకూడదని అతను రోజూ ఆ వేళకి పాలు పెడుతున్నాడు. "లేచాను" అని పైకే అంటాడు. ఒక్కడికి అన్ని పాలెందుకని పాలవాడు ఒకసారి అడిగి, అతని ముఖం చూసి, మళ్లీ అడగలేదు.

ఆ మాటొక్కటీ ఫోనులోకి ఎక్కించి చూశాడు. ఫోను మాట్లాడింది గానీ ఆవిడ మాట్లాడలేదు. ఆ ఫ్యానూ, ఆ తెర మీది గందరగోళమూ, ఆవిడ సగంలో వదిలేసిన పేకాటా అన్నీ ఉంటేనే ఆవిడ. అందుకే పూర్తి నకలు.

ఇప్పుడు ఆవిడ కంప్యూటరులోని అసలు డిస్కు టకటకలాడుతోంది. ఊరివాళ్ల ఇళ్లలో ఆ చప్పుడు వింటే "ఎక్కువ రోజులు లాగదండీ" అని ముఖం మీదే చెప్పేస్తాడు. కొత్త డిస్కు వేయాలంటే పాతది విప్పాలి. ఊరందరివీ విప్పిన చెయ్యి ఆ స్క్రూల దగ్గరికి వెళ్లి వెనక్కొస్తోంది. నకలైతే తీశాడు. దాన్నెక్కడ పెట్టాలో తేలలేదు. ఇంటర్నెట్లో పెడితే ముక్కూమొహం తెలియనివాళ్ల ఇంట్లో పడుకోబెట్టినట్టు. ఇక తన చెల్లెలిల్లు. బతికుండగా ఆడపడుచు ఇంట్లో ఒక్క పూట నిలవని మనిషిని ఇప్పుడు శాశ్వతంగా ఎలా దింపిరావడం? రాత్రికి కలలోకొచ్చి అడిగేస్తుంది.

మధ్యాహ్నం రిటైరైన నర్సమ్మ ఇంటికి వెళ్లాడు. చనిపోయిన భర్త కంప్యూటరు నకలుని ఆవిడ ఏటా పరీక్ష చేయిస్తుంది. ఆ నకలు దుప్పట్ల అల్మారాలో ఉంటుంది, అసలు కంప్యూటరు కొడుకింట్లో ఉంటుంది. పాఠం శ్రద్ధగా విన్న శిష్యురాలు ఈవిడొక్కర్తే.

"ఏం కంప్యూటర్ల డాక్టరుగారూ, అలా ఉన్నారేం? చెయ్యి ఇలా ఇవ్వండి."

"మెట్లెక్కాను కదా అక్కయ్యగారూ, ఆయాసం."

ఆవిడ నాడి చూసి ముఖం ముడిచింది. "రేపు పొద్దున్నే ఆసుపత్రికి పదండి. నేనూ వస్తాను. మిషన్లకి చెప్పే నీతులు మీకు వర్తించవా?"

అతను సంచిలోంచి నీలం రుమాలు తీశాడు. చాలాసేపు చేతుల్లోనే ఉంచుకున్నాడు.

"ఇది మీ అల్మారాలో ఉండనిస్తారా? మా ఆవిడది."

నర్సమ్మ రెండు చేతులతో అందుకుని, తన భర్త డిస్కు ఉన్న అరలోనే దుప్పట్లు సర్ది పెట్టింది.

"మా ఆయన మహా మాటకారి. మధ్యలో దిండుగలీబు వేస్తాలెండి."

"మా ఆవిడ ముందు మాటకారులెవరూ నిలవలేదండీ," అన్నాడు. ఏడాదిన్నరలో ఆవిడ గురించి అతను ఆడిన మొదటి హాస్యం అదే.

దిగేటప్పుడు సంచి తేలిగ్గా ఉంది. అలవాటుగా రెండుసార్లు తడుముకున్నాడు.

ఇంటికొచ్చి చెప్పులు విడిచి, పాలు కొత్త కరెంటు పొయ్యి మీద పెట్టి, కుర్చీలో వాలాడు. ఒళ్లంతా చెమట. ఫ్యాను గుర్రుమంది. టకటకల మధ్యనుంచి తెర నెమ్మదిగా వెలిగింది.

"ఏమండీ, పాలు పొయ్యి మీదున్నాయి. లేవండి."

పాలు పొంగాయి, పొయ్యి అంచున కారాయి. పొయ్యి తనంతట తానే ఆగిపోయింది.

"లేచారా?"

మర్నాడు ఆసుపత్రికి బయల్దేరదీయడానికి వచ్చిన నర్సమ్మే అతన్ని మొదట చూసింది. పదో రోజు దాటాక చెల్లెలు ఇల్లు ఖాళీ చేయించింది. టకటకలాడే కంప్యూటరుని పాతసామాను బండివాడు గిన్నెలతోపాటు పట్టుకుపోయాడు. నకలొకటి ఉందని ఆమెకి తెలియదు. నర్సమ్మ చెప్పబోయి, ఆ ఆడపడుచు ముఖం చూసి, ఎందుకో మానేసింది.

దుప్పట్ల అల్మారాలో, దిండుగలీబుకి ఇవతల, నీలం చేతిరుమాల్లో ఆ డిస్కు భద్రంగా ఉంది. సాయంత్రమైనా ఏమీ అనదు.