శ్రీమన్నారాయణగారు ఏరిన కెపాసిటర్

రెడ్డిగూడెంలో ముప్ఫై ఎకరాల మామిడితోట ఉన్నవాడికి రాని విద్య ఉండదు. శ్రీమన్నారాయణగారికి వైద్యం తెలుసు, వాస్తు తెలుసు. ఎనభై నాలుగు మే నెలలో ఎలక్ట్రానిక్స్ కూడా తెలిసిపోయింది.

నూజివీడులో నాది రేడియో రిపేరు షాపు. ఆయన మా సంగీత సభకి ప్రెసిడెంటు. పాట మొదలవగానే నిద్రపోవడంలో ఆయన్ని మించినవాడు లేడు గనక ఆ పదవి ఆయనకే దక్కింది.

ఊళ్లో సగంమందికి సంగీతం నేర్పిన కాత్యాయనిగారు ఏడాదిపాటు మంచాన పడి లేచారు. డెబ్భయ్యో ఏట మళ్లీ సభలో పాడతానన్నారు. గొంతు బాగా సన్నబడింది. "ఈసారి పాడగలిగితే పిల్లలకి పాఠాలు మొదలుపెడతాను ఉమాపతీ. లేకపోతే ఇక చాలు" అన్నారు నాతో. ఆ సన్నటి గొంతు అందుకోవాలని కండెన్సర్ మైకు తెప్పించి, దానికి ఆంప్లిఫయర్ నేనే కట్టాను.

మైకు నుంచి పాట లోపలికి వెళ్లే దారిలో ఒక కెపాసిటర్ ఉంటుంది. అది పాటని పోనివ్వాలి, బ్యాటరీ కరెంటుని ఆపాలి. లీకైందంటే గరగరే. అందుకని వేలిగోరంత పాలియెస్టర్ కెపాసిటర్ ఒకటి తీసిపెట్టాను.

షాపుకి వచ్చిన శ్రీమన్నారాయణగారు దాన్ని చూసి మొహం చిట్లించారు.

"ఏంటయ్యా ఇది, పిందె!"

నా పాతసామాను డబ్బాలో చెయ్యిపెట్టి లావుపాటి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఒకటి ఏరి, బొటనవేలితో నొక్కి చూశారు. దాని నెత్తి ఉబ్బి ఉంది.

"ఇదిగో, భుజాలు లేచి ముదిరిన కాయ. ఇది వెయ్యి."

"పాడైంది కాబట్టే ఉబ్బిందండీ."

"ముప్ఫై ఏళ్లుగా కాయలు ఏరుతున్నాను. నువ్వు నాకు చెబుతావా?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. నాకు ఒళ్లు మండింది. నలుగురిలో నీ తెలివి బయటపడనీ అనుకుని అదే వేశాను. పిందెని జేబులో పడేసుకున్నాను.

సభలో మొదటి పావుగంట బాగానే గడిచింది. తర్వాత ఆవిడ పైస్థాయి అందుకున్నప్పుడల్లా లౌడ్‌స్పీకర్లో గొంతు జీరపోయి, చిరిగినట్టు వినిపించింది. పాట ఆపిస్తే ఐదు నిమిషాల్లో మార్చేయొచ్చు. నేను లేవలేదు. ముందు వరసలో శ్రీమన్నారాయణగారి మొహం ఎప్పుడు మాడుతుందా అని చూస్తూ కూర్చున్నాను. మాడడానికి ఆయన మెలకువగా ఉంటేగా!

కాత్యాయనిగారు చరణం మధ్యలో ఆగిపోయారు. గొంతు తడుముకుని, సభకి దండం పెట్టి లేచారు.

మర్నాడు పొద్దున్నే కెపాసిటర్ మార్చి, ఆంప్లిఫయర్ పెట్టె మోసుకుని వాళ్లింటికి వెళ్లాను.

"అది మీ గొంతు కాదండీ. పాడైపోయిన కెపాసిటర్ అని తెలిసీ వేశాను. తప్పు నాది. ఇప్పుడు ఒక్కసారి పాడి చూడండి."

ఆవిడ నవ్వారు. "పాడైపోయిన సామాను తెలిసి వేసేవాడివి కాదు నువ్వు. నా మనసు కష్టపెట్టలేక అబద్ధమాడుతున్నావు." ఎంత బతిమాలినా పాడలేదు. మూలనున్న తంబురా తెచ్చి నా చేతిలో పెట్టారు. "మీ అమ్మాయి కల్యాణికి ఇవ్వు. వేరేచోట నేర్పించు."

తంబురాతో వీధిలోకి వస్తుంటే శ్రీమన్నారాయణగారు ఎదురయ్యారు.

"పాపం, ఆవిడ గొంతు పోయిందటగా! మైకు మటుకు బ్రహ్మాండంగా కట్టావయ్యా."

ఆయన్ని తిట్టుకోబోయాను. కానీ ఆయన తెలియక ఏరారు. ఆవిడ పాడినంతసేపూ పిందె నా జేబులోనే ఉంది.